పాయింటర్ సైజు 2 అని రాస్తేనే మార్కా?

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది మద్దిలపాలెం. సాయంత్రం పూట మా ఇంట్లోనే చుట్టుపక్కల డిప్లొమా, ఇంజినీరింగ్ పిల్లలకు సీ ప్రోగ్రామింగ్ చెప్తుంటాను. పోయిన వారం మా వీధిలో ఫస్టియర్ చదివే అమ్మాయి ల్యాబ్ అబ్జర్వేషన్ బుక్ పట్టుకుని ఏడుపు మొహంతో వచ్చింది. క్యారెక్టర్ పాయింటర్ (మెమరీలో అక్షరం ఉన్న చోటి అడ్రస్ దాచుకునేది) సైజు ఎంత అన్న ప్రశ్నకు 8 బైట్లు అని రాస్తే, దాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేసి పక్కన 2 అని వేసి మార్కు తీసేశారట. "నేను లాప్‌టాప్‌లో రన్ చేసి చూసే రాశాను ఆంటీ, మా సార్ వినలేదు" అని ఒకటే బాధ.

నా ముందే మళ్లీ రన్ చేయించాను. జీసీసీ అనే కంపైలర్‌లో (మనం రాసిన ప్రోగ్రాంను మెషిన్‌కు అర్థమయ్యేలా మార్చేది) 8 వచ్చింది. తర్వాత వాళ్ల ల్యాబ్‌లో వాడే పాత కంపైలర్ టర్బో సీని డాస్‌బాక్స్‌లో (పాత డాస్ ప్రోగ్రాంలను ఇప్పటి కంప్యూటర్లో నడిపేది) తెరిచి అదే ప్రోగ్రాం ఇస్తే, ఆ నీలం స్క్రీన్ మీద 2 వచ్చింది. దేని లెక్కలో అది కరెక్టే. టర్బో సీ 1987లో డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టం కోసం వచ్చింది, అప్పటి 16 బిట్ల పద్ధతిలో మామూలుగా పాయింటర్‌కు 2 బైట్లు సరిపోయేవి, అదే కంపైలర్‌లో మెమరీ మోడల్ అనే సెట్టింగ్‌ని లార్జ్‌కి మారిస్తే 4 అవుతాయి. 32 బిట్ల ప్రోగ్రాంలో 4, ఇవాళ పిల్లల చేతుల్లో ఉన్న 64 బిట్ల లాప్‌టాప్‌లో 8. మరి ప్రశ్నలో ఏ కంపైలరో రాయకుండా 2 ఒక్కటే జవాబు అంటే ఆ పిల్ల ఏం చేయాలి చెప్పండి?

నేను పిల్లలకు డోర్ నంబరుతో చెప్తాను. ఎంవీపీ కాలనీలో ఐదంతస్తుల అపార్ట్‌మెంటైనా, కంచరపాలెంలో ఒంటిగది పోర్షనైనా డోర్ నంబరు రాసుకోవడానికి చిన్న చీటీ చాలు. పాయింటర్ ఆ చీటీ, అర్రే (విలువలు వరసగా పెట్టుకునే జాగా) ఆ ఇల్లు. క్యారెక్టర్ అర్రేలో వైజాగ్ అని ఇంగ్లీషు అక్షరాల్లో పెడితే అక్షరాలు ఐదు, ఎన్ని బైట్లో కొలిచే సైజ్ఆఫ్ చెప్పేది 6, ఎందుకంటే స్ట్రింగ్ (అక్షరాల వరస) అయిపోయిందని చెప్పడానికి చివర సున్నా బైటు ఒకటి కూర్చుంటుంది. అదే వైజాగ్‌ని పాయింటర్‌తో చూపిస్తే సైజ్ఆఫ్ 8 అంటుంది, స్ట్రింగ్ ఎంత పొడుగున్నా ఆ 8 మారదు, ఎందుకంటే అది కొలుస్తున్నది చీటీని. చివరి సున్నా వదిలేసి లెక్కపెట్టే స్ట్రెలెన్ మాత్రం రెండు చోట్లా 5 అనే చెప్తుంది. ఇంతవరకు అర్థమయ్యాక ఆ అమ్మాయే "తెలుగులో పెడితే ఎంతొస్తుంది ఆంటీ?" అంది. విశాఖ అని అర్రేలో పెట్టి చూశాం. మూడక్షరాలు, చివర సున్నా కలిపి 4 వస్తుందనుకుంది, 16 వచ్చింది. అక్షరాలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కటి 3 బైట్లు, గుడి, దీర్ఘం కూడా విడిగా లెక్కే కాబట్టి ఐదు మూళ్లు పదిహేను, పైన సున్నా. ఆ 16 చూసి ఆ పిల్ల మొహం వెలిగిపోయింది, అప్పటిదాకా ఏడ్చిన సంగతే మర్చిపోయింది.

అసలు ప్రమాదం ఫంక్షన్ దగ్గర ఉంది, అది మాత్రం ఎవరూ అడగరు. ప్రోగ్రాం మొదలయ్యే మెయిన్‌లో 30 బైట్ల అర్రే తీసుకుని ఫంక్షన్‌కు (విడిగా రాసుకున్న ప్రోగ్రాం ముక్కకు) పంపితే అక్కడికి చేరేది అడ్రస్ ఒక్కటే, ఇంటి కొలత వెళ్లదు. ఇదే అమ్మాయి ఫంక్షన్ లోపల, ఎన్ని అక్షరాలు కాపీ చేయాలి అన్న చోట సైజ్ఆఫ్ పెట్టింది. వెంకటలక్ష్మి అని ఇంగ్లీషులో ఇస్తే ఎనిమిది అక్షరాలే వెళ్లి వెంకటల్ దగ్గర ఆగింది, చివర సున్నా పడలేదు కాబట్టి ఆ తర్వాత ఏవో పిచ్చి గుర్తులు. ఇది పాయింటర్ సైజు, అర్రేది కాదు అని జీసీసీ ముందే చెప్పింది. ఎందుకు పట్టించుకోలేదమ్మా అంటే "వార్నింగే కదా ఆంటీ, ఎర్రర్ కాదుగా" అంది. వార్నింగ్ చదవడం వాళ్లకు ఎవరూ నేర్పడం లేదు, నాకు అదే ఎక్కువ బాధ.

ఇది మార్కుల గొడవే అనుకోకండి. 1988 నవంబరులో అమెరికాలో మోరిస్ అనే విద్యార్థి వదిలిన వార్మ్ (ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి తనంతట తానే పాకే ప్రోగ్రాం) వేల కంప్యూటర్లను కుదేలు చేసింది. అది లోపలికి దూరిన దారుల్లో ఒకటి కంప్యూటర్ వాడేవాళ్ల వివరాలు చెప్పే ఫింగర్ సర్వీసులోని 512 బైట్ల అర్రే. దాన్లోకి గెట్స్ ఫంక్షన్‌తో చదివేవారు. గెట్స్‌కు అడ్రస్ మాత్రమే తెలుసు, అక్కడ జాగా 512 అని తెలియదు, కాబట్టి ఎంత పంపితే అంతా నింపుకుంటూ పోయింది. 2011లో వచ్చిన సీ ప్రమాణంలోంచి గెట్స్‌ను తీసేశారు కూడా, మన పిల్లల రికార్డుల్లో మాత్రం ప్రతి స్ట్రింగ్ ప్రోగ్రాంలోనూ అదే కనిపిస్తోంది.

ల్యాబ్‌లో కొత్త కంప్యూటర్లు కొనమని నేను అడగడం లేదు. జీసీసీకి పైసా ఖర్చు లేదు, ఉన్న సిస్టమ్స్‌లోనే వేసుకోవచ్చు. ప్రశ్నపత్రంలో ఏ కంపైలర్, ఎన్ని బిట్లు అని ఒక ముక్క రాయండి. వైవాలో 2 అన్నా 8 అన్నా, ఎందుకని అడిగి, చెప్పగలిగితే మార్కు ఇవ్వండి. మీ విద్యా పేజీలో సీ మోడల్ ప్రశ్నలు వేసేటప్పుడు మీరూ ఆ ఒక్క ముక్క కలపండి సార్. ఈ అమ్మాయికి వచ్చే వారమే ఎక్స్‌టర్నల్ ల్యాబ్. ఈసారి ఏం రాయాలి ఆంటీ అని నిన్న కూడా అడిగింది. రెండు జవాబులూ రాసి పక్కన కంపైలర్ పేరు వేయమన్నాను.

— ఒక ట్యూషన్ టీచర్, మద్దిలపాలెం, విశాఖపట్నం