ఫిట్టింగ్ చేయకుండా ఇక గోల్ఫ్ ఐరన్లు అమ్మను

అందరికీ నమస్కారం. టెక్సస్‌లో డల్లాస్ దగ్గరున్న ఫ్రిస్కోలో మా షాపు తెరిచి తొమ్మిదేళ్లయింది. గోల్ఫ్ క్లబ్బులు (ఆడే కర్రలు) రిపేర్ చేస్తాం, ఆడే మనిషికి సరిపోయేలా కొలిచి చూసి ఇస్తాం, దాన్నే ఫిట్టింగ్ అంటాం. ఇన్నాళ్లూ నేను మీకు పంపినవన్నీ పండగ డిస్కౌంట్ల మెసేజ్‌లే. ఈసారి కాస్త పెద్ద ఉత్తరం రాస్తున్నాను. నా వల్ల జరిగిన ఒక పొరపాటు మీకు చెప్పాలి, షాపులో మారుస్తున్న పద్ధతి గురించి కూడా చెప్పాలి.

2025 మే 4న మన పక్కనే మెకిన్నీలో ప్రొఫెషనల్ గోల్ఫర్ స్కాటీ షెఫ్లర్ బైరన్ నెల్సన్ టోర్నమెంట్ గెలిచాడు. నాలుగు రౌండ్లలో పార్ (బాగా ఆడేవాళ్లకి పట్టాల్సిన లెక్క) కంటే 31 స్ట్రోకులు (దెబ్బలు) తక్కువ, గోల్ఫ్‌లో తక్కువ కొట్టినవాళ్లే గెలుస్తారు. రెండో స్థానంలో ఉన్న ఆటగాడికీ అతనికీ మధ్య ఎనిమిది స్ట్రోకుల తేడా. మీలో చాలామంది పిల్లల్ని వెంటపెట్టుకుని వెళ్లారు, నేనూ వెళ్లాను. డల్లాస్‌లో పెరిగినవాడు కాబట్టి సొంత ఊరి పిల్లాడు గెలిచినంత సంబరం. సోమవారం మధ్యాహ్నానికల్లా షాపుకి ఫోన్లు మొదలయ్యాయి. "అన్నా, స్కాటీ ఆడే ఐరన్లే కావాలి. షాఫ్ట్ కూడా అదే వేయండి." ఐరన్లంటే పలచటి లోహపు తల ఉన్న క్లబ్బులు, షాఫ్ట్ అంటే వాటి కడ్డీ. అడిగినవాళ్లకి అడిగినట్టే తెప్పించి ఇచ్చాను. అంతకుముందు ఏ వేసవిలోనూ అంత వ్యాపారం జరగలేదు.

జనవరిలో ఒక కస్టమర్ ఆ సెట్ పట్టుకుని వచ్చాడు. మోచేతికి పట్టీ ఉంది. "ఎవరికైనా ఇచ్చేయండన్నా, నాకీ ఆట రాదులే" అన్నాడు. ఏడో నంబర్ ఐరన్ తీసి దీపం కింద పెట్టి చూశాను. బాగా ఆడేవాళ్ల ఐరన్ మీద మధ్యలో చిన్న నాణెమంత మేర అరుగుదల కనిపిస్తుంది. ఈ ఐరన్‌కి మధ్య భాగం కొత్తదానిలా మెరుస్తోంది. గీతలన్నీ షాఫ్ట్ వైపున్న అంచు దగ్గరా, చివర్లోనూ ఉన్నాయి. పాత సెట్‌తో 18 హోల్స్‌ని (ఒక పూర్తి రౌండ్) 95 స్ట్రోకుల్లో పూర్తి చేసిన మనిషి ఆయన. ఆట రాకపోవడం అబద్ధం. ఆయన చేతికి సరిపోని వస్తువు ఇచ్చింది నేను.

షెఫ్లర్ ఆడేది అతనికంటే ముందు తరం మేటి గోల్ఫర్ టైగర్ వుడ్స్ కోసం తయారైన డిజైన్‌లోని బ్లేడ్ ఐరన్లు, అంటే వెనక గుంట లేని పలచటి తల ఉన్నవి. బ్లేడ్‌కి బరువంతా మధ్యలోనే ఉంటుంది. సరిగ్గా అక్కడ తగిలితే చేతికి ఏమీ తెలియనంత మెత్తగా ఉంటుంది. అర అంగుళం పక్కకి తగిలితే బంతి చాలా ముందే పడిపోతుంది, ఆ అదురు మోచేతి దాకా వస్తుంది. ఆ షాఫ్ట్ ఒక్కటే సుమారు 130 గ్రాములు. మా కస్టమర్ స్వింగ్ వేగానికి 95 గ్రాములది చాలు. ఐదు నిమిషాలు స్వింగ్‌ని కొలిచే మానిటర్ ముందు బంతులు కొట్టించి ఉంటే నాకు అప్పుడే తెలిసేది. కొట్టించలేదు. ఆ సెట్ తిరిగి తీసుకుని ఆయన కట్టిన డబ్బంతా ఇచ్చేశాను. అయినా ఎనిమిది నెలలు ఆయన నొప్పితో ఆడాడన్న బాధ నాకు పోలేదు.

ఒక్క ఆటగాడు మిగతా అందరినీ దాటి వెళ్లిపోతే ఆట మొత్తం అతని వెనకే నడుస్తుంది. ఇది ఇరవై ఐదేళ్లకు పైగా చూస్తూనే ఉన్నాం. 1997లో జార్జియాలోని ఆగస్టా కోర్సులో జరిగిన మాస్టర్స్ టోర్నమెంట్‌కి టైగర్ వయసు 21. మొదటి రోజు మొదటి తొమ్మిది హోల్స్‌కి 40 స్ట్రోకులు కొట్టాడు. ఇక అయిపోయిందనుకున్నారు. తర్వాతి తొమ్మిది 30లో ముగించి, చివరికి 12 స్ట్రోకుల తేడాతో గెలిచాడు. అప్పుడు విజేతకి ఇచ్చింది 4,86,000 డాలర్లు. 2001లో అతనే మళ్లీ గెలిచేసరికి ఆ మొత్తం పది లక్షలు దాటింది.

డబ్బు సంగతి వదిలేద్దాం. నాకు ముఖ్యం బంతి. మా కౌంటర్ మీద గాజు డబ్బాలో సగానికి కోసిన రెండు బంతులుంటాయి, మీరంతా చూసే ఉంటారు. ఒకదాంట్లో సన్నటి రబ్బరు దారం ఉండలా చుట్టి ఉంటుంది. ప్రొఫెషనల్స్ దశాబ్దాల పాటు ఆడింది అలాంటి బంతితోనే. గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద చక్కగా ఆగేది గానీ గాలికి తేలిపోయేది, క్లబ్ అంచు తగిలితే తెగేది. రెండోదాంట్లో గట్టి రబ్బరు ముద్ద, దానిపైన పలచటి పొరలు. 2000 మేలో టైగర్ ఇలాంటి గట్టి గుండె ఉన్న బంతికి మారాడు. మరుసటి నెలలో పెబుల్ బీచ్‌లో యూఎస్ ఓపెన్‌ని 15 స్ట్రోకుల తేడాతో గెలిచాడు. ఆ అక్టోబర్‌లో బంతుల కంపెనీ టైటిలిస్ట్ వాళ్లు ఇలాంటిదే ప్రో వీ1 బంతిని లాస్ వేగస్ టోర్నమెంట్‌కి తెచ్చిన మొదటి వారమే 47 మంది ఆటగాళ్లు దానికి మారిపోయారు. కొద్దికాలంలోనే దారం చుట్టిన బంతి ప్రొఫెషనల్స్ టోర్నమెంట్లలో కనుమరుగైంది. ఈ మార్పు మనకి నిజంగా మేలు చేసింది. దూరం, గ్రీన్ మీద ఆగే గుణం రెండూ ఒకే బంతిలో దొరకడం అప్పటినుంచే.

కోర్సుల విషయంలో అలా జరగలేదు. ఆగస్టా 1997లో 6,925 గజాలు. 2002కి 7,270 అయింది, 2006కి 7,445. పత్రికలు దీన్ని టైగర్ ప్రూఫింగ్ (టైగర్‌ని తట్టుకునేలా కోర్సు మార్చడం) అన్నాయి. నా ఉద్దేశంలో ఆ పొడవు టైగర్ కంటే, అంత దూరం కొట్టలేనివాళ్లనే ఎక్కువ దెబ్బతీసింది. మన శనివారం గ్రూపుల్లో కూడా అందరూ వెనక టీల (ఆట మొదలుపెట్టే చోట్లు, వెనకవైతే దూరం ఎక్కువ) నుంచే ఆడాలని పట్టుబట్టడం చూస్తుంటాను. 2011లోనే అమెరికా గోల్ఫ్ సంఘాలు పీజీఏ ఆఫ్ అమెరికా, యూఎస్‌జీఏ కలిసి ముందు టీల నుంచి ఆడమని ప్రచారం చేశాయి. డ్రైవర్‌తో (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్) 225 గజాలు కొట్టేవాళ్లకి 5,800 నుంచి 6,000 గజాల కోర్సు సరిపోతుందని వాళ్లు చెప్పిన లెక్క. దయచేసి ఒక్కసారి ప్రయత్నించి చూడండి.

గ్రీన్ మీద బంతిని హోల్‌లోకి నెట్టే పట్టర్ల గురించి ఒక మాట. 2024 మార్చిలో షెఫ్లర్ మ్యాలెట్ (పెద్ద తల ఉన్న) పట్టర్‌కి మారి వరుసగా రెండు టోర్నమెంట్లు గెలిచాక, మా దగ్గర పాత రకం సన్నటి పట్టర్లు అడిగేవాళ్లే తగ్గిపోయారు. అతని మ్యాలెట్‌కి ఎల్ ఆకారం మెడ (తల, షాఫ్ట్ కలిసే చోటు) ఉంటుంది. పైకి అలాగే కనిపించే పట్టర్ వేరే మెడతో వస్తే చేతిలో తిరిగే తీరే మారిపోతుంది. మీ స్ట్రోక్ తిన్నగా వెళ్తుందా, వంపు తిరుగుతుందా అన్నది చూశాకే మెడ ఏదో తేల్చాలి.

ఇక నాకు అన్నిటికంటే సంతోషం కలిగించేది పిల్లల సంగతి. గోల్ఫర్ సాహిత్ తీగల పుట్టింది 1997 డిసెంబర్‌లో, టైగర్ ఆగస్టాలో గెలిచిన ఏడాదే. హైదరాబాద్ నుంచి కాలిఫోర్నియాకి వచ్చిన తల్లిదండ్రుల బిడ్డ, టైగర్‌ని చూస్తూ పెరిగిన తరం. 2023 సెప్టెంబర్‌లో కాలిఫోర్నియాలోని నాపాలో, ప్రొఫెషనల్స్ ఆడే పీజీఏ టూర్‌లో మొదటిసారి గెలిచాడు. ఆ వారం నుంచి మన ఇళ్ల పిల్లలు షాపుకి రావడం నా కళ్లారా చూశాను. మొన్న ఒక తొమ్మిదేళ్ల పాప వాళ్ల నాన్న ఐరన్ పట్టుకుని ఊపుతోంది. గ్రిప్ చివర పొట్టకి తగులుతోంది. "అంకుల్, ఇది నాకంటే పెద్దగా ఉంది" అంది. అవునమ్మా అని కొలత టేపు తెచ్చాను. పిల్లల క్లబ్బులు వయసు చూసి కొనకండి, ఎత్తు చూసి కొనండి. పెద్దవాళ్ల క్లబ్బులు కోసి ఇమ్మని అడగకండి, కోసినా బరువు తగ్గదు, షాఫ్ట్ ఇంకా బిగుసుకుంటుంది.

మార్పులు ఇవీ. ముందు అరగంట ఫిట్టింగ్ చేయకుండా ఐరన్లు, పట్టర్లు ఇక అమ్మను. ఫిట్టింగ్‌కి 60 డాలర్లు తీసుకుంటాను, మా దగ్గర కొంటే బిల్లులో తగ్గిస్తాను. 2025 మే నుంచి ఆగస్టు మధ్య నా దగ్గర బ్లేడ్ ఐరన్లు కొన్నవాళ్లు వాటిని తీసుకురండి. మీకు సరిపోయే షాఫ్ట్ వేసి ఇస్తాను, కూలి ఉండదు. ఐరన్లే సరిపోవంటే వాపసు తీసుకుంటాను. పిల్లలకి పొట్టి అయిపోయిన సెట్ తెస్తే తర్వాతి సైజు సగం ధరకి ఇస్తాను. దీనివల్ల అమ్మకాలు తగ్గుతాయని తెలుసు, ఇంట్లో కూర్చుని లెక్క వేసుకున్నాకే ఈ నిర్ణయానికి వచ్చాం.

వచ్చేటప్పుడు పాత ఏడో నంబర్ ఐరన్, రోజూ ఆడే బూట్లు తెచ్చుకోండి. మంగళవారం నుంచి శనివారం వరకు సాయంత్రం ఏడింటి దాకా ఉంటాను. మోచేయి నొప్పి ఉన్నవాళ్లు మాత్రం ముందు ఫోన్ చేయండి, ఆ రోజు మీ చేత బంతులు కొట్టించను, కొలతలు మాత్రమే తీసుకుంటాను.