బండ్ల బాట కోసం తొమ్మిదేళ్లు

ఎడిటర్ గారికి నమస్కారం.

పరకాల దగ్గర మా ఊళ్లో మాకూ మా చిన్నాయన కొడుక్కూ బావి కాడికి పోయే బండ్ల బాట గురించి గొడవైంది. తమ్ముడు అడ్డంగా కంచె వేశాడు, నేను కేసు వేశాను, తొమ్మిదేళ్లు వాయిదాలకు తిరిగాం. ఈ మధ్యలో చిన్నాయన పోతే నేను పాడె పట్టలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

కోర్టుకు పోకముందు ఊళ్లో పంచాయితీ అయింది. రెండు వైపులా డిపాజిట్ కట్టించుకుని మూడు రోజులు కూర్చున్నారు, చివరికి కాగితం మీద ఒక్క ముక్క రాయలేదు, డబ్బులో కొంత ఖర్చుల కింద పోయింది. నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్ వైపు కొన్ని ఊళ్లలో గ్రామాభివృద్ధి కమిటీలు మాట విననివాళ్లకు జరిమానా వేసి, కిరాణా కొట్లో సరుకులు ఇవ్వొద్దని బహిష్కరించిన వార్తలు ఎన్నోసార్లు చదివాం. దాన్ని రాజీ అనరు.

మా గొడవ తెగింది మధ్యవర్తి దగ్గర. కోర్టు పంపితే నమ్మకం లేకుండానే వెళ్లాం. ఆ మేడమ్ ఒక్కొక్కరితో విడిగా మాట్లాడారు, ఇక్కడ చెప్పింది జడ్జి దాకా పోదని ముందే చెప్పారు, తెల్ల కాగితాలిచ్చి బావి, గెట్టు, బాట గీయమన్నారు. రెండు బొమ్మలూ పక్కపక్కన పెడితే బాట ఒక్కచోటే ఉంది! తేడా అంతా వెడల్పులోనే, నాకు ట్రాక్టర్ పట్టాలి, తమ్ముడు ఎడ్లబండి పడితే చాలంటాడు. మూడుసార్లు కూర్చుని పది అడుగులకు ఒప్పుకున్నాం. ఒప్పందం తెలుగులో చదివి వినిపించారు, లోక్ అదాలత్‌లో అవార్డు, అంటే కోర్టు తీర్పుతో సమానమైన ఉత్తర్వు అయింది, దాని మీద అప్పీలు లేదు, కోర్టు ఫీజు కూడా వాపసు వచ్చింది.

మరి ఈ దారి మొదటి ఏడాదే ఎవరూ ఎందుకు చూపలేదు? కేసు వేయకముందే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకోవచ్చు. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయం ఎంతున్నా వకీలును ఉచితంగా ఇస్తారు, 15100కు ఫోన్ చేసి అడగొచ్చు. మా ఊళ్లో నేను అడిగినవాళ్లలో ఒక్కరికీ ఇది తెలియదు.

2023 మధ్యవర్తిత్వ చట్టంలో ఊరి గొడవలకు ముగ్గురు మధ్యవర్తుల ప్యానెల్ పెట్టొచ్చని ఉంది, కానీ అక్కడ కుదిరిన ఒప్పందం కోర్టు డిక్రీలా, అంటే తీర్పులా అమలు కాదని కూడా అందులోనే రాశారు. రేపు ఒకడు మాట తప్పితే మళ్లీ మొదటికే కదా? అందుకే ఇలాంటి ఒప్పందాలను వెంటనే లోక్ అదాలత్ ముందు పెట్టి అవార్డు చేయించే ఏర్పాటు ఉండాలి. హైదరాబాద్‌లో కంపెనీల వివాదాల కోసం 2021లో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ సెంటర్ పెట్టారు, మంచిదే. మా మండలానికి అంత పెద్దది అక్కర్లేదు, అంగడి రోజున ఒక గది, శిక్షణ పొందిన ఒక మధ్యవర్తి, నాలుగు కుర్చీలు చాలు. లోక్ అదాలత్ రోజు ఎన్ని కేసులు తెగాయన్న లెక్క కోసం హడావుడి పెడితే గెట్టు పంచాయితీలు తెగవు, వాటికి గంటలు పడుతుంది.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. మొగుడు కొడుతున్నాడని వచ్చిన ఆడమనిషిని రాజీ పేరుతో "సర్దుకుపో" అని అదే ఇంటికి పంపొద్దు. ఆమెకు ముందు రక్షణ కావాలి.

మధ్యవర్తులు వచ్చేలోపు ఒక పని చేయొచ్చు. ప్రతి పంచాయతీ ఆఫీసు గోడ మీద, రేషన్ షాపు గోడ మీద 15100 అని పెద్ద అక్షరాలతో రాయించండి.

— ఒక రైతు, పరకాల ప్రాంతం, హనుమకొండ జిల్లా