పిల్లల పళ్లు చూసి వెళ్లిపోవద్దు, బాగుచేసి వెళ్లండి: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారమండి. నేను కోనసీమలో, గోదావరి పాయల మధ్య ఉన్న లంకల్లో ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. టీచర్ నుంచి ఉత్తరం అనగానే బదిలీ గురించో పీఆర్సీ గురించో అనుకుంటారు. ఇది మా పిల్లల పుచ్చుపళ్ల గురించి. వినడానికి చిన్న విషయంలా ఉంటుంది కాబట్టే ఇన్నాళ్లూ ఎవరికీ పట్టలేదు.

మధ్యాహ్న భోజనం దగ్గర పది నిమిషాలు కూర్చుంటే చాలు, ఏ పిల్లకి పన్ను నొప్పో ఎవరూ చెప్పక్కర్లేదు. ఒక పక్కనే నములుతారు. అన్నం పప్పుతో మెత్తగా పిసుక్కుని మింగేస్తారు. చిక్కీ పక్కవాళ్లకి ఇచ్చేస్తారు. ఏడేళ్ల పిల్ల చిక్కీ వద్దందంటే నోట్లో ఎంత బాధ ఉందో మీరే ఆలోచించండి. కిందటేడు మా రెండో తరగతి పాప ఒకతి వరసగా బడికి రాకపోతే ఇంటికి వెళ్లాను. దవడ వాచి, కన్ను సగం మూసుకుపోయి పడుకుని ఉంది. వాళ్లమ్మ కువైట్‌లో పని చేస్తోంది, పాప అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. మా వైపు ఇలాంటి ఇళ్లు చాలానే ఉన్నాయి. "పాలపళ్లేనండి టీచరు గారూ, ఎలాగూ ఊడిపోయేవే కదండీ" అన్నారు పెద్దావిడ, చెంపకి పసుపు పట్టు వేస్తూ.

సెల్‌ఫోన్ లైటు వేసి చూస్తే, పుచ్చింది పాలపన్ను కాదు. ఆరేళ్ల వయసులో పాలపళ్ల వరస వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే, కొత్త దంతాలు వస్తాయి. పైనా కిందా, అటూ ఇటూ కలిపి నాలుగు. అవి జీవితాంతం ఉండాల్సినవి. ముందు ఏదీ ఊడలేదు కాబట్టి ఇవీ పాలపళ్లే అనుకుంటారు. పైగా వాటి పైభాగం సన్నటి గాట్లతో ఉంటుంది, అందులో బిస్కెట్ ముద్ద ఇరుక్కుంటే బ్రష్షు కూడా అందదు. ఆ మాటకొస్తే పాలపళ్లనైనా తేలిగ్గా తీసుకోకూడదు. వెనకటి పాలదంతాలు పదేళ్లు దాటేదాకా ఉండాలి. ముందే పీకేస్తే పక్కపళ్లు ఆ ఖాళీలోకి ఒరిగి, తర్వాత రావాల్సిన పన్నుకి చోటు లేకుండా చేస్తాయి.

పన్ను పుచ్చేది పురుగు వల్ల కాదు. వాకుడు గింజల పొగ పట్టి పంటి పురుగులు రాలుస్తామనేవాళ్లు ఇంకా అక్కడక్కడా ఉన్నారు. అసలు సంగతి వేరు. నోట్లోని బాక్టీరియా తీపిని తిని ఆమ్లం వదులుతుంది, ఆ ఆమ్లం పంటి పైపొర అయిన ఎనామిల్‌లోని ఖనిజాలను కరిగిస్తుంది. తిన్న ప్రతిసారీ దాదాపు అరగంట ఈ పని సాగుతుంది, ఆ తర్వాత లాలాజలం మెల్లగా సర్దుకొస్తుంది. అందుకని ఎంత తీపి తిన్నారన్న దానికంటే రోజుకి ఎన్నిసార్లు తిన్నారన్నదే ముఖ్యం. పండక్కి తినే ఆత్రేయపురం పూతరేకునీ తాపేశ్వరం కాజానీ నేను తప్పుపట్టను, నాకూ ఇష్టమే. పొద్దున్నే టీలో బిస్కెట్, బడి గేటు దగ్గర రూపాయి చాక్లెట్, సాయంత్రం పది రూపాయల కూల్‌డ్రింకు, పడుకునే ముందు పంచదార పాలు, ఇదీ వరస. వీటికి తోడు గల్ఫ్ నుంచి వచ్చిన పెట్టెలో చాక్లెట్లు. అమ్మ పంపినది తినొద్దని పిల్లకి ఏ నోటితో చెప్పను?

ఇక మీ శాఖ సంగతి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఏడాదికోసారి బడికి, రెండుసార్లు అంగన్‌వాడీకి వైద్య బృందం రావాలి. చూడాల్సిన 30 సమస్యల్లో పంటి జబ్బులూ ఉన్నాయి. వస్తున్నారు, ఓపిగ్గా చూస్తున్నారు, నేను కాదనను. కార్డు మీద "రిఫర్" అని రాస్తున్నారు. అక్కడితో సరి. ఆ మాటకి మా లంకలో అర్థం ఏమిటంటే, రేవు దాకా నడక, పంటు (ఏరు దాటించే పడవ), ఆటో, ఆపైన బస్సు, ఒక రోజు కూలి పోవడం. ఆ పాపని తీసుకుని అమ్మమ్మ గారు అలాగే ఒక ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లారు. డాక్టరు గారు ఉన్నారు, పళ్లు చూసే కుర్చీ ఉంది, కానీ డ్రిల్లు నడిపే కంప్రెసర్ పాడైంది, పన్ను నింపే సిమెంటు స్టాకు లేదు. పీకమంటే పీకుతానన్నారు. వాపు తగ్గడానికి మాత్రలు ఇచ్చి పంపేశారు. మాత్రలతో వాపు తగ్గింది. కానీ పంట్లో గుంట అలాగే ఉంది కదా, వాపు మళ్లీ వచ్చింది.

అలా తిరిగి తిరిగి విసిగినవాళ్లు ఆఖరికి సందు చివర పళ్ల బొమ్మ వేసిన బోర్డు ఉన్న కొట్టుకి వెళతారు. అక్కడి మనిషి దగ్గర దంతవైద్యం చదివిన బీడీఎస్ పట్టా ఉందో లేదో ఎవరూ అడగరు. 1948 నాటి దంతవైద్యుల చట్టం వచ్చినప్పటి నుంచీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అలాంటి ఒక చోట ఒకరి నోట్లోంచి తీసిన పటకారుని డెట్టాల్ నీళ్లలో జాడించి ఇంకొకరి నోట్లో పెట్టడం నేను కళ్లారా చూశాను. నెత్తురు తగిలిన పనిముట్టుని కడిగి, ఆటోక్లేవ్ అనే యంత్రంలో 121 డిగ్రీల ఆవిరిలో కనీసం 15 నిమిషాలు ఉంచాలి. లేకపోతే హెపటైటిస్ బి లాంటివి అంటుకోవచ్చు. పన్ను నొప్పికని వెళ్లి కాలేయం జబ్బు తెచ్చుకోవడమన్నమాట. దాడులు చేసి బోర్డులు పీకించండి, సంతోషమే. కానీ పనిచేసే కుర్చీ, ఆటోక్లేవ్, సిమెంటు మీ ఆసుపత్రిలో లేనంతకాలం ఒక బోర్డు పోతే ఇంకోటి లేస్తుంది.

నేను అడిగేది ఒకటే. బడికి వచ్చే బృందంలో ఒక దంతవైద్యుడిని పంపండి, వైద్యం అక్కడికక్కడే చేయించండి. దానికి కుర్చీ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. మెత్తబడిన భాగాన్ని చేతి పనిముట్లతో గీకి, గ్లాస్ అయనోమర్ సిమెంటు పెట్టే పద్ధతి ఉంది. డ్రిల్లు మోత లేదు కాబట్టి పిల్లలు బెదరరు. ఆరేళ్ల దంతాల గాట్లు పుచ్చకముందే అదే సిమెంటుతో పూడ్చవచ్చు. మొదలైన పుచ్చుని సిల్వర్ డయామిన్ ఫ్లోరైడ్ అనే మందు చుక్కతో ఆపవచ్చు. పుచ్చిన చోటు నల్లబడుతుంది, ఆ సంగతి ముందే చెప్పి తల్లిదండ్రుల సంతకం తీసుకోవాలి. చీము పట్టిన పంటికి అది పనికిరాదు, అలాంటి పిల్లలనే ఆసుపత్రికి పంపండి. ఈ మందూ ఈ సిమెంటూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చినవే. పాదరసం కలిపిన లోహపు ముద్దతో (అమాల్గమ్) నింపడం మాత్రం వద్దు. 15 ఏళ్లలోపు పిల్లలకు దాన్ని వాడకుండా చూడాలని, పాదరసం వాడకాన్ని తగ్గించడానికి కుదిరిన మినమాటా ఒప్పందంలోని దేశాలు 2022లో నిర్ణయించాయి, వాటిలో మన దేశమూ ఉంది.

పళ్లు పుచ్చకుండా ఏడాదికి రెండుసార్లు పూసే ఫ్లోరైడ్ వార్నిష్ కూడా కొన్ని నిమిషాల పనే. ఫ్లోరైడ్ అనగానే నల్లగొండ, కనిగిరి గుర్తొచ్చి మా వాళ్లు భయపడతారు. అక్కడి బాధ ఏళ్ల తరబడి తాగిన, ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్ల వల్ల. ఇక్కడ మేం తాగేది కాలువ నీళ్లో ప్లాంటు టిన్నులో నీళ్లో. అయినా అనుమానం ఉన్న ఊళ్లో నీళ్లు పరీక్ష చేయించి ఆ కాగితం బడి గోడకి అంటించండి, మాకూ జవాబు చెప్పడం తేలికవుతుంది.

మనుషులు లేరనకండి. ప్రభుత్వ దంత కళాశాలలు విజయవాడలో, కడపలో ఉన్నాయి. భీమవరంలో, రాజానగరంలో ప్రైవేటు కళాశాలలున్నాయి. క్యాంపుల పేరిట బ్రష్షూ పేస్టూ పంచి, ఫొటో దిగి వెళ్లే బదులు, ఒక్కో కళాశాలకి కొన్ని మండలాలు అప్పగించి, అదే పిల్లల్ని ఆర్నెల్లకోసారి చూసే బాధ్యత పెట్టండి. ఎందరిని చూశారని కాకుండా ఎన్ని పళ్లు నింపారని లెక్క అడగండి.

చిక్కీ, రాగిజావ ఆపమని ఈ లేఖ చదివి ఎవరూ అనవద్దు. లంకల గన్నవరంలో ఆకలన్నవాళ్లకి అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరిట నడిచే భోజనం అది. చాలామంది పిల్లలకి అదే గట్టి తిండి. తిన్నాక పుక్కిలించడానికి కుళాయిలో నీళ్లు రావాలి, అంతే. మా బడిలో వేసవి కాలువ కట్టేశాక అవీ రావు. రాత్రి పడుకునే ముందు ఇంట్లో బ్రష్షు చేయించడం తల్లిదండ్రుల పని, అది మేం చెబుతాం. టీవీ ప్రకటనల్లోలా బ్రష్షు నిండా పేస్టు కాకుండా, మూడేళ్లలోపు పిల్లలకి బియ్యపుగింజంత, ఆరేళ్లలోపు పిల్లలకి బఠాణీ గింజంత, అదీ ఫ్లోరైడ్ ఉన్నది, చాలని.

బళ్లు జూన్ 12న తెరుస్తారు. జులై వచ్చిందంటే గోదావరి ఎర్రబడుతుంది, వరద పెరిగితే పంటు ఆపేస్తారు. అందుకని మొదటి విడత బృందం జూన్ నెలాఖరులోపే లంక బళ్లకు వచ్చి వెళ్లేలా ఉత్తర్వులు ఇప్పించండి. పిల్లల జాబితాలు, తల్లిదండ్రుల సంతకాలు ఏప్రిల్‌లో సెలవులివ్వకముందే మేం సిద్ధం చేసి ఉంచుతాం.

ఇట్లు,
కోనసీమ లంకల్లో ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు