పెరట్లో పందికొక్కులు, పొట్టికాళ్ల కుక్క: తమ్ముడికి ఉత్తరం

స్టుట్‌గార్ట్, జర్మనీ
జనవరి నెల

చిరంజీవి తమ్మునికి అన్న దీవించి రాసేది. ఇక్కడ నేను, మీ వదినె క్షేమం. జమ్మలమడుగులో నాయన, అమ్మ, జేజి, పాప అందరూ బాగున్నారని తలుస్తాను. శనగ కోతలు దగ్గరపడ్డాయి కాబట్టి ఆలస్యం చేయకుండా రాస్తున్నా.

కడప నుంచి తెచ్చిన పొట్టికాళ్ల డాషండ్ కుక్కపిల్ల పెరట్లో పందికొక్కుల్ని పడుతుందా అని అడిగినావు కదా. పడుతుంది. అయితే సగం పని దానిది, సగం పని నీది. ఎలుక ఎక్కడుందో ముక్కుతో పట్టి చెప్పడం దాని వంతు. కలుగులు మూయడం, గడ్డపార పట్టడం, తిండి దొరక్కుండా చేయడం నీ వంతు. కుక్కను వదిలేసి నువ్వు మంచమెక్కితే పెరడంతా గుంతలవుతుంది, కొక్కులు మాత్రం అట్లనే ఉంటాయి.

ఈ జాతి పుట్టింది ఈ దేశంలోనే. డాక్స్ అంటే నేలలో పెద్ద పెద్ద బొరియలు తవ్వుకొని ఉండే బాడ్జర్, హుండ్ అంటే కుక్క. ఇక్కడి జనం డాకెల్ అంటారు, వేటగాళ్లు టెకెల్ అంటారు. 1888 నుంచే వీళ్లకు దీని కోసం ఒక క్లబ్బు ఉంది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌కు గుర్తుబొమ్మగా పెట్టుకున్నది కూడా దీన్నే. కుక్క సైజును ఇక్కడ ఎత్తు చూసి చెప్పరు. 15 నెలలు నిండినాక ఛాతీ చుట్టుకొలత తీస్తారు, బొరియలో పడుతుందా లేదా తేల్చేది ఛాతీయే కాబట్టి. అన్నిటికంటే చిన్నదాన్ని కుందేళ్ల బొరియల కోసం పెంచినారు. బొరియలో దూరి, జంతువును కదలనీయకుండా గట్టిగా మొరగడమే దాని అసలు పని. ఆ మొరుగు విని పైనున్న మనిషి ఎక్కడ తవ్వాలో తెలుసుకుంటాడు. అంత చిన్న ఒంటికి అంత పెద్ద గొంతు అందుకే. పొద్దస్తమానం మొరుగుతోందని జేజి విసుక్కుంటే ఈ సంగతి చెప్పు.

ఎలుక కలుగులో ఇది దూరలేదు. పందికొక్కు కలుగు నోరు పిడికిలి పట్టేంత ఉంటుందంతే. అందుకని ఎలుకను బయటికి రప్పించి దీనికి అప్పజెప్పాలి.

మొదట ఏ కలుగు ఎవరిదో చూసుకో. నోటి దగ్గర కొత్త మన్ను కుప్పగా పోసి ఉండి, లోపల నుంచి మట్టితో మూసి ఉంటే అది కొక్కుది. గింజలు లోపల దాచుకునేది కూడా అదే. దానికి వెనక దారి ఒకటి తప్పకుండా ఉంటుంది. అక్కడ మన్ను కుప్ప ఉండదు, పైన పలచని మట్టి పొర మాత్రం ఉంటుంది. తరిమితే అక్కడే పొర చీల్చుకొని బయటపడుతుంది. ఇంటి మిద్దె దూలాల్లో తిరిగే నల్లెలుక వేరే జాతి. అది పైపైనే బతుకుతుంది, దానికి కుక్క పనికిరాదు, బోను పెట్టు. మూతి పొడుగ్గా ఉండి కంపు కొట్టే చుంచును కుక్క చంపుతుంది గానీ తినదు. అది తినేది ఎక్కువగా పురుగుల్నే. దాని జోలికి పోకపోతే మంచిది. పెద్ద పందికొక్కు కిలో దాకా తూగుతుంది. మూలకు తరిమితే వెంట్రుకలు నిక్కబొడుచుకొని పందిలాగే గురగురమంటుంది. ఇంగ్లీషువాళ్ల బాండికూట్ అనే మాట మన పందికొక్కు నుంచి పోయిందే.

ముందురోజు సాయంత్రం పెరట్లో, కొట్టం చుట్టూ, గోడ పక్కన ఉన్న కలుగులన్నీ తడి మట్టితో మూసెయ్. తెల్లారి తెరుచుకున్నవాటిలోనే ఎలుక ఉన్నట్టు. మూసినవి మూసినట్టే ఉంటే వాటి మీద టైం పెట్టొద్దు. తెరుచుకున్నవాటి పక్కన సున్నంతో గుర్తు పెట్టుకో. ఈ పని చేయకుండా కుక్కను తోలితే పాత వాసన మీద గంటసేపు ఉత్త మన్ను తవ్వుతుంది, అలిసిపోతుంది. అప్పుడు అసలు కలుగు దగ్గర దానికి ఊపు ఉండదు.

వేటకు ఇద్దరు మనుషులు కావాలి. పొద్దున అయిదున్నర నుంచి ఏడు లోపల అయిపోవాలి, అందులోనూ కుక్కతో పని నలభై నిమిషాలు దాటనీయొద్దు. ఒక కలుగుకు ఉన్న నోళ్లలో రెండు తప్ప మిగతావన్నీ రాళ్లు పెట్టి తొక్కి మూయండి. ఎత్తున ఉన్న నోట్లో ఒకరు నీళ్లు పోయాలి. కొక్కు కలుగుకు నాలుగైదు బక్కెట్లు పడతాయి. నిదానంగా పోస్తే నేల పీల్చేసుకుంటుంది, ఒకదాని వెంట ఒకటి గబగబా కుమ్మరించాలి. నల్లరేగడి నెర్రెలు విచ్చిన చోట ఎన్ని పోసినా నీళ్లు నెర్రెల్లోకే పోతాయి. అక్కడ ఈ పద్ధతి వద్దు, గడ్డపారతో తవ్వడమే. రెండోవాడు కింది నోటి దగ్గర కుక్కను పట్టుకొని నిలబడాలి. ఇక్కడే అందరూ చేసే తప్పు ఒకటుంది. కుక్క ముక్కును కలుగులోనే పెట్టనిస్తారు. దాని ఊపిరి తగిలితే ఎలుక బయటికి రాదు, వచ్చినా పెదవి కరిచి వెనక్కి పోతుంది. కుక్క కలుగు నోటికి మూడడుగుల వెనక ఉండాలి. ఎలుక పూర్తిగా బయటపడినాకే వదలాలి. అట్లయితేనే అది మెడ మీద పట్టి, రెండు మూడు సార్లు విదిలించి చంపుతుంది.

వదిలేముందు మెడపట్టీ తీసెయ్. వేరుకో కంపకో తగులుకుంటే ఊపిరాడదు. మామూలప్పుడు కూడా మెడపట్టీ కంటే ఛాతీకి చుట్టే పట్టీ మేలు, దాని నడుముకూ మెడకూ అదే క్షేమం.

మన పెరట్లో నాపబండలు గోడకు ఆనించి పెట్టినారు కదా, కొక్కులకు అంతకంటే మంచి ఇల్లు లేదు. అవి ఆనించినవి ఆనించినట్టే ఉండగా కుక్కను ఎప్పుడూ వాటి వెనక్కి తోలొద్దు. కింద మన్ను కదిలితే బండ జారుతుంది, ఆ పొడుగాటి వీపు మీద పడితే ఇంక చెప్పేదేముంది. కుక్కను కట్టేసి, బండలన్నీ ఒక్కొక్కటిగా ఎత్తి, రెండు ఇటుకల మీద పడుకోబెట్టి పేర్చండి. ఆఖరి రెండు బండలు ఉన్నప్పుడు దాన్ని తీసుకొచ్చి ఒక పక్కన నిలబెట్టుకోండి, ఎలుకలు అన్నీ ఆ కిందికే చేరి ఉంటాయి. కంది కట్టె, పత్తి కట్టె కుప్పలకూ ఇదే లెక్క. గోడకు మూడడుగులు వదిలి కొత్త చోట పేర్చుకుంటూ పోతే, చివరి మోపు ఎత్తేసరికి గుంపంతా బయటపడుతుంది. గడ్డివామిని మాత్రం నేలమీద వేయొద్దు, రాళ్ల మీద వాసాలు పరిచి వేయండి.

పిల్లకు ఇప్పుడు అయిదు నెలలే కాబట్టి పెద్ద కొక్కుల మీదికి తోలొద్దు. మొదటిసారే పెదవి చిరిగితే కొన్ని పిల్లలు బతుకంతా వెనకడుగు వేస్తాయి. ఇప్పటికి బోనులో పడి చచ్చిన ఎలుకను తాడుకు కట్టి నేలమీద ఈడ్చి, గంప కింద దాచి, వెతకనియ్. దొరికినప్పుడు మెచ్చుకో, మొరిగితే ఇంకా మెచ్చుకో. "వదులు" అనగానే వదిలేటట్టు ఉడికిన గుడ్డు ముక్క చూపించి నేర్పు. ఇది నేర్వని కుక్క ఎలుకను మంచం కిందికి తీసుకుపోయి తింటుంది. ఏడాది దాటినాక పెద్ద కొక్కుల పని. అప్పుడు కూడా బాగా పెద్దదైతే నువ్వే కట్టెతో ముగించు, దాంతో విదిలింపించొద్దు. నాటుకోళ్ల పిల్లల్ని దీనికి ఇప్పటి నుంచే తాడు మీద రోజూ చూపించు. ఎలుక మీద ఉరికే కుక్కకు కోడిపిల్ల కూడా ఉరికేదే కదా.

ఇంక మందు సంగతి. తమ్ముడూ, ఇది మాత్రం రెండుసార్లు చదువు. కుక్క, ఎలుకల మందు ఒక పెరట్లో ఉండకూడదు. ఏదో ఒకటే. అంగడిలో అమ్మే బ్రోమాడియోలోన్ బిళ్లలు తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజులు మందకొడిగా తిరుగుతుంది, అట్లాంటిదే కుక్కకు సులువుగా దొరుకుతుంది. ఆ మందు రక్తం గడ్డకట్టనీయదు. కుక్కలో గుర్తులు మూడు నుంచి అయిదు రోజులకు గాని కనపడవు. చిగుళ్లు పాలిపోతాయి, దగ్గు, ఆయాసం, ముక్కులో రక్తం. దీనికి విరుగుడు ఉంది, విటమిన్ కె1, వారాల తరబడి ఇవ్వాలి. తిన్నదని అనుమానం వచ్చిన రోజే డాక్టరు దగ్గరికి పో, గుర్తుల కోసం ఎదురుచూడొద్దు, మందు పొట్లం కూడా పట్టుకుపో. చేలల్లో నూకలు, నూనెతో కలిపి పెట్టే జింక్ ఫాస్ఫైడ్ ఇంకా చెడ్డది. కడుపులోని ఆమ్లం తగిలి విషవాయువు అవుతుంది, దానికి విరుగుడే లేదు. పక్క చేనువాళ్లకు, వెనక ఇంటివాళ్లకు నువ్వే పోయి చెప్పు, మందు పెట్టే రోజు ముందుగా చెప్పమని. పెట్టినామని చెప్తే ఆ పక్కకు కుక్కను తీసుకుపోవడం మానెయ్. పెరట్లో ఎలుక ఊరికే చచ్చి కనపడితే, కుక్క పట్టింది కాకపోతే, వెంటనే తీసి రెండడుగుల లోతున పూడ్చు.

ఎలుకలు తవ్విన కలుగుల్లో పాములు కాపురం పెడతాయని నీకు తెలిసిందే. నోరు నున్నగా అరిగి, కొత్త మన్ను లేకుండా, చుట్టూ కుబుసం ముక్క గాని కనపడితే ఆ కలుగు జోలికి పోవద్దు. డాషండ్ వెనక్కి తగ్గే జాతి కాదు, పాము బుస కొట్టినా ముందుకే పోతుంది. ఇక్కడ దానికి తెలివి ఉంటుందని నమ్ముకోవద్దు, తాడు నీ చేతిలో ఉండాలి. కాటు పడితే కోయడం, బిగించి కట్టడం, పసరు పోయడం ఏదీ చేయొద్దు. నడిపించకుండా ఎత్తుకొని పశువుల డాక్టరు దగ్గరికి పో. మన దేశంలో తయారయ్యే విషం విరుగుడు సూది నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ కలిపి చేసిందే. ఆ మందు ఎక్కడ దొరుకుతుందో వేట మొదలుపెట్టకముందే కనుక్కొని పెట్టుకో. జెర్రిపోతు కనపడితే పోనియ్, అది నీకంటే ఎక్కువ ఎలుకల్ని తింటుంది. ఉడుము, ముంగిస కూడా బొక్కల్లోనే దొరుకుతాయి. 1972 వన్యప్రాణి చట్టం కింద వాటిని చంపడం నేరం, కుక్క చంపింది అంటే సరిపోదు. గోదురుకప్పను కొరికితే నోట్లో నురగ వస్తుంది. తల కిందికి వంచి, పక్క నుంచి నీళ్లు పోసి నోరు కడుగు, నీళ్లు గొంతులోకి పోనీయొద్దు.

ఎలుక మూత్రంలో లెప్టో క్రిమి ఉంటుంది, మన ఊళ్లో ఎలుక జ్వరం అనేది అదే. కుక్కకు టీకా వేయించినామని రాసినావు. చాలా రోగాలకు కలిపి వేసే టీకాలన్నిటిలో లెప్టో ఉండదు, సీసా మీద చూపించమని అడుగు. మొదట రెండు డోసులు, తర్వాత ఏడాదికొకటి. రేబిస్ టీకా విడిగా. తిండి మానేసి, జ్వరం, వాంతులు, కళ్లు పచ్చబడితే అదే అనుకొని పరుగెత్తు. నువ్వు కూడా నీళ్లు పోసేటప్పుడు బూట్లు వేసుకో, చచ్చినదాన్ని చేత్తో ముట్టొద్దు. కుక్కకు కరుపులు పడేది పెదవి, ముక్కు, చెవి మీద. సబ్బు నీళ్లతో కడిగి పోవిడోన్ అయోడిన్ పూయి. పైకి మానినట్టు కనపడి మూడు నాలుగు రోజులకు లోపల చీము పట్టడం మామూలే, అందుకని రోజూ వేలితో నొక్కి చూడు. ప్రతి వేట తర్వాత కాళ్ల వేళ్ల సందుల్లో పల్లేరు కాయలు, చెవుల కింద పిడుదులు వెతుకు. నట్టల మందు మూడు నెలలకొకసారి.

అన్నిటికంటే ఎక్కువ భయపడవలసింది దాని వెన్నుకు. ఈ జాతిలో నాలుగైదు కుక్కల్లో ఒకదానికి బతుకులో ఎప్పుడో వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి బిళ్ల జారి నరాన్ని నొక్కుతుంది. కాళ్లను పొట్టిగా చేసిన జన్యువుల లోపమే ఆ బిళ్లల్ని కూడా చిన్న వయసులోనే గట్టిపరుస్తుంది. ఎక్కువగా మూడు నుంచి ఏడేళ్ల మధ్య వస్తుంది. అందుకని అరుగు మీద నుంచి, మంచం మీద నుంచి దూకనీయొద్దు, మిద్దె మెట్లు ఎక్కనీయొద్దు. అరుగుకు అయిదడుగుల పలక వాలుగా వేసి పైన గోనెసంచి కొట్టు. ఎత్తేటప్పుడు ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి పిరుదుల కింద పెట్టు. పాప చంకల్లో చేతులు పెట్టి వేలాడేసి ఎత్తుతుంది, ఈ మాట దానికి నువ్వే నేర్పు. అమ్మ ప్రేమతో నెయ్యన్నం పెడుతుంది, ఆపు. పక్కటెముకలు చేతికి తగలాలి, కంటికి కనపడకూడదు. వీపు గూనిలా పెట్టి వణికినా, ఎత్తితే కేకపెట్టినా, వెనక కాళ్లు తడబడినా ఆ రోజే డాక్టరు దగ్గరికి పో. కాళ్లలో స్పర్శ పోతే గంటలు కూడా లెక్కే. మనుషులు వేసుకునే నొప్పి బిళ్లలు ఒక్కటి కూడా వేయొద్దు.

ఎండాకాలం మాటేమిటంటే, మార్చి నుంచి బండల మీద మధ్యాహ్నం నడిపించొద్దు. మీ అరచెయ్యి వెనక వైపు ఏడు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదమూ ఆనదు.

చివరగా, కొక్కు చూలు కట్టినాక ఈనేది మూడు వారాలకే, ఒక ఈతకు ఆరేడు పిల్లలు. వారానికి అయిదు చంపినా తిండి ఉంటే మళ్లీ నిండుతాయి. చెనిక్కాయ మూటలు నేలమీద కాక ఇనుప డ్రమ్ముల్లో పెట్టు, కోళ్ల దాణా రాత్రి బయట ఉంచొద్దు, గోడ బొక్కల్లో గాజు పెంకులు కూరి సిమెంటుతో మూసెయ్. బొటనవేలు దూరే సందు చాలు ఎలుకకు.

శనగ కల్లం అయినాక మొదటి వేట ఎట్లా జరిగిందో, ఎన్ని కలుగులు తెరుచుకున్నాయో రాయి. నాయనకు, అమ్మకు, జేజికి నమస్కారాలు. పాపకు ముద్దులు.

మీ అన్న