గాలి వేగం సరే, నీరు ఎంత ఎత్తుకొస్తుంది?

సంపాదకులకు నమస్కారం.

తుపాను వస్తోందంటే మీ మొదటి పేజీలో గాలి వేగం పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఉప్పెన ఎత్తు మాత్రం లోపలి పేజీలో, చివరి పేరాలో ఒక్క వాక్యం. పోర్టు సర్వే విభాగంలో సముద్రం లోతులు కొలిచి రిటైరైనవాణ్ని, ఈ వరస చూస్తే ఊరుకోబుద్ధి కాదు.

గాలిని బట్టి నీటిని అంచనా కట్టకూడదు. 1969లో అమెరికాలోని మిసిసిపీ తీరాన్ని తాకిన కమీల్ ఐదో కేటగిరీ తుపాను (గాలి వేగాన్ని బట్టి ఇచ్చే ఐదు స్థాయిల్లో ఇదే అన్నిటికన్నా పైది). 2005లో కత్రినా అక్కడ ఒడ్డుకు చేరేసరికి మూడో కేటగిరీకి తగ్గింది. అయినా కత్రినా తెచ్చిన నీరే ఎక్కువ, ఆ తీరంలోనే ఉన్న పాస్ క్రిస్టియన్ ఊరి దగ్గర 8 మీటర్లు దాటింది. దాని విస్తీర్ణం అంత పెద్దది. కమీల్‌కే ఏమీ కాలేదని ఇళ్లలో ఉండిపోయినవాళ్లున్నారు. చివరికి 2010లో ఆ కేటగిరీల పట్టికలోంచి ఉప్పెన ఎత్తుల్ని తీసేశారు.

ఉప్పెనను లెక్కగట్టేది కంప్యూటర్ మోడళ్లు. మన జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాడే ఆడ్‌సర్క్ అనే మోడల్ సముద్రాన్ని త్రికోణాల వలగా విడగొడుతుంది. నడిసముద్రంలో పెద్ద త్రికోణాలు, తీరం దగ్గర చిన్నవి. ప్రతి మూలకూ లోతు ఇవ్వాలి. అదే గాలి, లోతు తక్కువున్న చోట నీటిని మరింత ఎత్తుకు నెడుతుంది. కాబట్టి ఇసుక మేటలు జరిగాక కూడా పాత లోతులే పెడితే జవాబు తప్పుతుంది. నేల ఎత్తుల సంగతి ఇంకా టెన్షన్. ఉపగ్రహాల నుంచి తీసిన కొన్ని పటాలు చెట్ల తలల్నీ ఇళ్ల కప్పుల్నీ నేలగానే లెక్కేస్తాయి. మూడు మీటర్ల తప్పున్న నేల మీదికి రెండు మీటర్ల ఉప్పెనను వదిలితే, మునగాల్సిన ఊరు మ్యాపులో పొడిగా కనిపిస్తుంది. (మా లెక్క అడుగు తప్పితే ఓడ కెప్టెన్లు మమ్మల్ని బతకనిచ్చేవాళ్లు కాదు.)

పైగా తుపాను దారి. మన ఉత్తరార్ధగోళంలో అది వెళ్లే దిశకు కుడివైపు గాలి నీటిని ఒడ్డుకు తోస్తుంది, ఎడమవైపు సముద్రంలోకి లాక్కుపోతుంది. దారి కాస్త పక్కకు జరిగితే ఒక ఊరి జాతకమే మారిపోతుంది. అందుకే రకరకాల దారులు, వేగాలు, సైజులతో మోడల్‌ను మళ్లీ మళ్లీ నడుపుతారు.

అంచేత మీరు ఒకే అంకె వేయకండి, ఇంత నుంచి ఇంత అని వేయండి. ‘సాధారణ పోటు కంటే 1.5 మీటర్లు ఎక్కువ’ అంటే వీధిలో నిలిచే లోతు కాదు. పోటు వేళ తుపాను తీరం దాటితే ఒక లెక్క, ఆటు వేళైతే ఇంకో లెక్క. అలల తాకిడి వేరే. 2013లో హైయాన్ తుపాను వచ్చినప్పుడు ఫిలిప్పీన్స్‌లోని టాక్లోబన్‌లో ఉప్పెన హెచ్చరిక ముందే ఇచ్చారు. సునామీలా నీరు ఊరి మీద పడుతుందని మాత్రం చాలామంది ఊహించలేదు.

పోటు సమయాల పట్టిక ఏడాది ముందే వచ్చేస్తుంది. రోజూ సూర్యోదయం, సూర్యాస్తమయం వేస్తున్నారు కదా, తుపాను రోజుల్లో వాటి కింద పోటు వేళ, దాని ఎత్తు వేయడానికి రెండు లైన్ల చోటు చాలు.

– ఒక విశ్రాంత పోర్టు సర్వేయర్