మేనమామ ఇంట్లో 20 ఏళ్లు

ఒరేయ్ లంబూ,

ఉత్తరం లేదు, ఫోన్ ఎత్తడు అని నన్ను తిట్టుకుంటూ ఉంటావు, తిట్టుకో, పడతాను. కోతలు, మధ్యలో వాన, నాన్న కంటి ఆపరేషన్ (బానే ఉంది, నల్లద్దాలు పెట్టుకుని అరుగు మీద హీరోలా కూర్చుంటున్నాడు), చెల్లికి ఒక సంబంధం వచ్చింది, పోయింది కూడా. కొబ్బరికాయ రేటు మాత్రం అడక్కు. ఊరి వార్తలు అంతే.

అసలు సంగతి వేరే ఉంది, ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. మొన్న ఆదివారం గుళ్లో బైబిల్లోని యాకోబు మీద ప్రసంగం. ఎప్పటిలాగే రాహేలు కోసం ఏడేళ్లు కొలువు చేశాడు, ప్రేమ వల్ల అవి కొద్దిరోజుల్లా అనిపించాయి, ఆమెన్, కానుక సంచి. ఇంటికొచ్చి నేనూ ఊరికే ఆదికాండం 29 తీశా, 31 అయ్యేదాకా మూయలేకపోయాను. ఒరే, అది లవ్ స్టోరీ ఎక్కడరా, జీతం గొడవ! మేనమామ ఇంట్లో పాలేరుతనం చేసినవాడి లెక్కల పుస్తకం అది. నాకు చదువుతుంటే ఎవరు గుర్తొచ్చారో నీకు తెలుసు, కోప్పడకు.

మొదట్నుంచీ చూడు. అన్న ఏశావు చంపేస్తాడని తల్లి రిబ్కా వీణ్ణి బెయేర్షెబా నుంచి హారానుకి పంపించింది, ఇప్పుడది టర్కీలో సిరియా బోర్డర్ దగ్గర ఉంది, 700 కిలోమీటర్లకి పైనే నడక. ఏమని పంపిందో తెలుసా, మీ మావయ్య దగ్గర కొన్నాళ్లు ఉండు, అన్న కోపం చల్లారాక నేనే కబురు పెడతా అని. కొన్నాళ్లు! ఆ కబురు వచ్చినట్టు బైబిల్లో ఎక్కడా లేదు.

ఇక ఆ మావయ్య, లాబాను. అంతకు ముందు రిబ్కా సంబంధం కోసం యాకోబు తాత అబ్రాహాము పనివాడు పది ఒంటెలతో వచ్చినప్పుడు చెల్లెలి బంగారపు కడియాలు చూసి పరుగెత్తుకెళ్లినవాడు ఈయనే. ఇప్పుడు మేనల్లుడు చేతికర్ర తప్ప ఏమీ లేకుండా వస్తే కూడా పరుగెత్తుకొచ్చి కౌగిలించుకుని ముద్దు పెట్టుకున్నాడు. 11వ శతాబ్దంలో రాషీ అని ఒక యూదు పండితుడు ఉండేవాడు, ఆయన దీనికి ఏం రాశాడంటే, కౌగిలించుకున్నది రొమ్ములో నాణేలేమైనా దాచాడేమో తడుముదామనిట, ముద్దు పెట్టుకున్నది నోట్లో ముత్యాలున్నాయేమో అనిట! నవ్వలేక చచ్చాను. ఎయిర్‌పోర్టులో మీ మావయ్య నిన్ను వాటేసుకున్న ఫోటో ఇంకా ఉంది నా దగ్గర, ఆవకాయ జాడీ ఎక్కడుందో చూసుకుంటున్నట్టు ఉంటుంది ఆయన మొహం.

నెల్రోజులు ఊరికే పని చేయించుకుని అప్పుడు అడుగుతాడు, అయినవాడివైతే మాత్రం ఊరికే చేస్తావా, జీతం ఎంతో చెప్పు అని. ఇంతకంటే తియ్యటి మాట ఎవడూ అడగడు. వీడు మామ చిన్నకూతురు రాహేలుని అడిగాడు, మనూళ్లో మేనరికం అడిగినట్టే. ఏడేళ్లయ్యాక విందు పెట్టి, చీకట్లో పెద్దకూతురు లేయాని పంపి, తెల్లారి గొడవ చేస్తే, పెద్దదాని కంటే ముందు చిన్నదాన్ని ఇవ్వడం మా దేశాచారం కాదన్నాడు. ఆ ఆచారం ఏడేళ్ల క్రితం ఎక్కడికి పోయిందో! ఇంకోటి, రాహేలు కోసం 14 ఏళ్లు ఎదురు చూశాడని అందరూ అంటారు కదా, అది కాదు. పెళ్లివారం అవగానే రాహేలునీ ఇచ్చేశాడు, తర్వాతి ఏడేళ్లూ అప్పు తీర్చడమే. అంటే అడ్వాన్స్ ఇచ్చి కట్టేశాడన్నమాట. నీ వీసా లెక్క... సరే వదిలెయ్.

ఆపైన ఆరేళ్లు మందకి. పొడలూ మచ్చలూ ఉన్న మేకలు, నల్ల గొర్రెపిల్లలు నాకు, మిగతావి నీకు అని ఒప్పందం. మంచిదే అన్నాడు మామ, అదే రోజు మందలో అలాంటివన్నీ ఏరి కొడుకుల చేతికిచ్చి మూడు రోజుల దూరం తోలించేశాడు. యాకోబేమీ తక్కువ తిన్నవాడు కాదనుకో, చువ్వలు ఒలిచి నీళ్ల తొట్లలో పెట్టి, బలమైనవి తనకి, బక్కవి మామకి వచ్చేలా చూసుకున్నాడు. ఇద్దరికిద్దరే. కానీ జీతం పదిసార్లు మార్చాడట్రా ఆ పెద్దమనిషి!

ఇప్పుడు అసలు సీను. మామ గొర్రెల బొచ్చు కత్తిరించడానికి వెళ్లినప్పుడు పెళ్లాం పిల్లల్ని ఒంటెలెక్కించి వీడు చెప్పకుండా వచ్చేశాడు. ఏడు రోజులు తరిమి గిలాదు కొండ దగ్గర పట్టుకున్నాడు మామ. చెప్పుంటే పాటలతో, తంబురతో, సితారాతో సాగనంపేవాణ్ణి కదా అంటాడు, సిగ్గు లేకుండా! తర్వాత నా దేవతల్ని ఎందుకు దొంగిలించావని గుడారాలన్నీ వెతికాడు. ఆ విగ్రహాల్ని ఎత్తుకొచ్చింది రాహేలు, ఒంటె సామాను కింద పెట్టి వాటి మీద కూర్చుని, నెలసరిలో ఉన్నాను నాన్నా, లేవలేను అంది. తండ్రికి తగ్గ కూతురు.

ఏమీ దొరక్కపోయేసరికి యాకోబు నోరు తెరిచాడు చూడూ, 20 ఏళ్లది ఒక్కసారే కక్కేశాడు. నీ మేకలకీ గొర్రెలకీ కడుపు పోలేదు, నీ పొట్టేళ్లు నేను తినలేదు, మృగం చీల్చినదాన్ని నీ దగ్గరికి తేకుండా ఆ నష్టం నేనే పెట్టుకున్నా, పగలు పోయినా రాత్రి పోయినా నా దగ్గరే వసూలు చేశావు, పగలు ఎండకి రాత్రి మంచుకి చచ్చాను, నిద్రన్నది లేదు అని. ఇది చదివి నేను కాసేపు లేచి వాకిట్లో తిరిగాను, నిజం.

ఎందుకంటే, ఇంటర్నెట్‌లో వెతికితే తేలిందేంటంటే, క్రీ.పూ. 18వ శతాబ్దంలో బాబిలోను రాజు హమ్మురాబి వేయించిన చట్టం ఉంది కదా, పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఆ రాయి ఉంది, అందులో సింహం జీవాన్ని చంపితే కాపరి ప్రమాణం చేస్తే చాలు, నష్టం యజమానిదే అని ఉంది. నిర్గమకాండంలోనూ అంతే, చీల్చిన ముక్క తెచ్చి చూపిస్తే కట్టక్కర్లేదు. అంటే బయటి కూలివాడికి కూడా దక్కేది సొంత మేనల్లుడికి దక్కలేదు. అయినవాడు కాబట్టే కాగితం అడగలేడు, అయినవాడు కాబట్టే మానేస్తానని కూడా... నువ్వు కిందటేడు ఫోన్లో చెప్పి మళ్లీ ఎవరికీ అనొద్దన్నావు చూడు, పగిలిపోయిన సరుకు నీ జీతంలో పట్టుకున్నారని. అనలేదు ఎవరికీ. గోలీసోడా మీద ఒట్టు.

పిల్లలు పుడతారని నమ్మే పుత్రదాత పండ్ల దగ్గర్నుంచి ప్రతిదానికీ కొట్టుకున్న ఆ అక్కాచెల్లెళ్లు లేయా, రాహేలు ఒక్క విషయంలో మాత్రం ఏకమయ్యారు, నాన్న మమ్మల్ని అమ్ముకుని ఆ డబ్బు కూడా తినేశాడు, పద పోదాం అని. మొగుడి కంటే ముందే లెక్క తేల్చేశారు వాళ్లు.

ఇంకోటి చెప్తాను, దీనికి మాత్రం నవ్వకు. వీడు తిరిగొచ్చాక రిబ్కా దాది దెబోరా చనిపోయిందని రాశారు, ఏ చెట్టు కింద పాతిపెట్టారో కూడా రాశారు. రిబ్కా ఎప్పుడు పోయిందో రాయలేదు. చివర్లో ఎక్కడో యాకోబే, ఆమెని మక్పేలా గుహలో, వాళ్ల కుటుంబ సమాధిలో పెట్టారు అంటాడు, అంతే. తల్లీకొడుకులు మళ్లీ కలిసినట్టు ఒక్క మాట లేదు. మొన్న మీ అమ్మ సంతలో కనపడి, వాడు కొన్నాళ్లలో వచ్చేస్తాడంట కదా అని నన్నే అడిగింది. ఏం చెప్పాలో తెలీక కూరగాయల రేట్లు మాట్లాడాను.

అయ్యో, కువైట్ వెళ్లే అబ్బాయి వచ్చేశాడు, ఈ కవరు వాడికే ఇవ్వాలి, కారు హారన్ కొట్టేస్తున్నారు. పచ్చడి కూడా పెట్టా, మావయ్యకి చూపించకు. ఏశావు 400 మందిని వేసుకుని ఎదురొచ్చిన ముచ్చట అసలు చెప్పనేలేదు, అదైతే ఇంకా