మెట్లు సరిచేశాకే మిగతా డబ్బులు: ఫస్ట్ ఫ్లోర్ పని మీద ఫిర్యాదు

డైరెక్టర్ గారికి నమస్కారమండి,

విజయవాడ అజిత్ సింగ్ నగర్‌లో మా పాత ఇంటి మీద ఫస్ట్ ఫ్లోర్ వేసింది మీ కంపెనీయే. పని అయిపోయింది, బ్యాలెన్స్ కట్టేయండి అని మీ ఆఫీసు నుంచి ఒకటే ఫోన్లు. పని అవ్వలేదండి, మెట్లు తప్పు కట్టారు. మీ సైట్ ఇంజనీర్ గారికి ఎన్నిసార్లు చెప్పినా "నాలుగు రోజులు ఎక్కి దిగితే అదే అలవాటైపోద్ది" అంటున్నారు, అందుకే మీకే రాస్తున్నా.

ప్లానులో 20 మెట్లు, ఒక్కోటి 6 అంగుళాల ఎత్తు అని ఉంది. ఇప్పుడు టేపు పెట్టి చూస్తే కింద మొదటి మెట్టు 4 అంగుళాలే, మధ్యలోవి సరిగ్గా 6, పైన గదిలోకి అడుగుపెట్టే చివరిది ఎనిమిదిన్నర. సెంట్రింగ్ కొట్టేటప్పుడు కింద పార్కింగ్ టైల్స్ ఎంత లేస్తాయో, పైన టైలు కింద వేసే సిమెంటు బెడ్డు, టైలు కలిపి ఎంత లేస్తాయో ఎవరూ లెక్క చూసుకోలేదు, గచ్చు పడని లెవెల్ నుంచి కొలిచేసి కాంక్రీటు పోసేశారు. మేస్త్రీని అంటే ఏం లాభం, లెవెల్ ఇవ్వాల్సింది ఇంజనీరు కదా.

రెండున్నర అంగుళాలకి ఇంత గొడవా అనుకోకండి. రెండు మెట్లు ఎక్కేసరికి కాలికి ఆ ఎత్తు అలవాటైపోద్ది, తర్వాత కిందకి చూడకుండానే ఎక్కుతాం, అలాంటప్పుడు చివరి మెట్టు ఒక్కసారిగా ఎత్తుగా వస్తే తన్నుకుని ముందుకి పడతాం, దిగేటప్పుడైతే ఇంకా ప్రమాదం. మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు, గోడ పట్టుకుని ఎక్కుతూ ఆ చివరి మెట్టు దగ్గర ఆగిపోతోంది, ఎవరో ఒకరు చెయ్యి అందించాల్సిందే. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం ఇళ్ళల్లో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు దాటకూడదు, అంటే ఏడున్నర అంగుళాలు, మీరు కట్టింది అదీ దాటేసింది.

అసలు మేం ఈ ఫ్లోర్ ఎందుకు వేయించామో అగ్రిమెంట్ రోజే చెప్పాం. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వచ్చినప్పుడు కింద ఇల్లంతా మునిగి, కరెంటు లేక, అమ్మని చీకట్లో డాబా మీదకి మోసుకెళ్ళాం. మళ్ళీ నీళ్ళొస్తే ఆవిడ తనంతట తాను పైకెళ్ళగలగాలి, మాకు కావాల్సింది అదే. గదులు బాగానే కట్టారు, కాదనను, కానీ ఎక్కలేకపోతే ఆ గదులెందుకండీ?

మెట్లు పగలగొట్టక్కర్లేదని మాకు తెలిసిన ఇంజనీర్ ఒకాయన వచ్చి చూసి చెప్పారు. గ్రానైట్ తీసేసి మొదటి మెట్టు నుంచి, మధ్యలో చదునుగా ఉండే ల్యాండింగ్‌తో సహా అన్నిటినీ 2 అంగుళాలు లేపితే కింద 6, పైన ఆరున్నర వస్తాయి, తేడా దాదాపు పోద్ది. కాకపోతే ఆ కాంక్రీటు బరువు చదరపు మీటరుకి 125 కిలోల దాకా పడుద్ది కాబట్టి మెట్ల కింద శ్లాబు మోస్తుందో లేదో మీ స్ట్రక్చరల్ ఇంజనీర్ లెక్క చూసి సంతకం పెట్టి ఇవ్వాలి. మెట్లు లేస్తే రెయిలింగ్ పొట్టిదవుద్ది, దాన్నీ ఎత్తి బిగించాలి. తీసేటప్పుడు గ్రానైట్ పగిలితే కొత్తది మీరే వెయ్యాలి, ఈ ఖర్చులో రూపాయి కూడా మేం పెట్టం. చివరి మెట్టు ముందు ఒక చిన్న పలక వేసేస్తాం అని మీ వాళ్ళు అన్నారు, అది ఒప్పుకోం, అలా చేస్తే ఇంకో రెండు కొలతలు తయారవుతాయి తప్ప తేడా పోదు.

బ్యాలెన్స్ ఎగ్గొట్టే ఉద్దేశం మాకు లేదు, డబ్బులు బ్యాంకులో రెడీగా ఉన్నాయి, అన్ని మెట్లూ మీ ముందే కొలిచి సరిగ్గా ఉంటే ఆ రోజే వేసేస్తాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఇంటి నిర్మాణం కూడా సర్వీసు కిందకే వస్తుంది, మీరు స్పందించకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాం. అంతదాకా రానివ్వకండి, ఈ వారంలో మీరే ఒకసారి సైటుకి రండి, పని ఎప్పుడు మొదలుపెడతారో, ఎప్పటికి అవుద్దో కాగితం మీద రాసివ్వండి. కొలతల ఫొటోలు, ప్లాను కాపీ దీంతోపాటే పంపుతున్నా.

ఇట్లు,
ఇంటి యజమాని,
అజిత్ సింగ్ నగర్, విజయవాడ